ప్లాస్టిక్ జెట్ విమాన నమూనాలు

నిజమైన జెట్ విమానాన్ని ఒక నిర్ణీత కొలతకు కుదించి, పాలీస్టైరీన్ ప్లాస్టిక్‌తో విడిభాగాలుగా అచ్చుపోసి అమ్మే పెట్టెను కిట్ అంటారు. ఆ భాగాలను జిగురుతో అతికి, అతుకులు అరగదీసి, రంగు వేసి, గుర్తులు అంటిస్తే నమూనా తయారవుతుంది. ఇది ఎగరదు. చూపుకు అసలు విమానంలా ఉండటమే దీని పరమార్థం. 1950ల తొలినాళ్ల నుంచి 1970ల చివరిదాకా వచ్చినవాటిని ఈ అభిరుచి గలవారు పాత కిట్లు అంటారు. నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలు ఒకప్పుడు భాగమైన హైదరాబాద్ రాజ్యానికి ఈ కథలో చిన్నదైనా చెప్పుకోదగిన చోటు ఉంది.

పుట్టుక

ఈ రంగంలో ఎక్కువగా కనిపించే కొలత 1/72. ఆరడుగుల మనిషి అంగుళం ఎత్తుకు తగ్గుతాడు. 1932లో బ్రిటన్‌లో స్కైబర్డ్స్ పేరుతో వచ్చిన చెక్క విమానాలు ఈ కొలతను స్థిరపరిచాయి. 1936లో ఫ్రాగ్ కంపెనీ 'పెంగ్విన్' పేరుతో సెల్యులోజ్ అసిటేట్ కిట్లు తెచ్చింది. ప్లాస్టిక్ విమాన కిట్ల చరిత్రను వీటితోనే మొదలుపెడతారు. రెండో ప్రపంచ యుద్ధం వచ్చాక నమూనాలు పాఠ్య సామగ్రి అయ్యాయి. ఆకాశంలో కనిపించేది తమ విమానమో శత్రువుదో సైనికులు ఆకారం చూసి గుర్తుపట్టాలి. అందుకోసం అయిదు లక్షల చెక్క నమూనాలు చేసి ఇవ్వాలని 1942 జనవరిలో అమెరికా నౌకాదళం హైస్కూలు విద్యార్థులను కోరింది. యుద్ధం ముగిశాక పాలీస్టైరీన్ చౌకైంది. ఉక్కు అచ్చులో కరిగిన ప్లాస్టిక్‌ను ఒత్తిడితో నింపే యంత్రాలు పెరిగాయి.

హంగేరీ నుంచి వచ్చిన నికొలస్ కోవ్ 1939లో లండన్‌లో ఎయిర్‌ఫిక్స్‌ను స్థాపించాడు. మొదట్లో ఆ కంపెనీ గాలి నింపే రబ్బరు బొమ్మలు, తర్వాత దువ్వెనలు చేసింది. 1952లో 'గోల్డెన్ హైండ్' ఓడ కిట్‌ను పాలిథీన్ సంచిలో పెట్టి, వూల్‌వర్త్ దుకాణాల్లో రెండు షిల్లింగులకు అమ్మింది. అదే సంవత్సరం అమెరికాలో ఆరోరా కంపెనీ తన తొలి కిట్లుగా ఎఫ్9ఎఫ్ పాంథర్, ఎఫ్-90 జెట్లను ఎంచుకుంది. కొరియా యుద్ధంలో పాంథర్లు అప్పటికే పోరాడుతున్నాయి. జెట్ యుగం, ప్లాస్టిక్ యుగం కలిసి పిల్లల బల్లమీదికి చేరాయి.

ఊహించి చేసిన జెట్లు

పాత కిట్లలో తప్పులుంటాయి. పరిశోధకుడికి అవి బంగారం లాంటివి. 1950లలో సోవియట్ మిగ్-19 ఎలా ఉంటుందో పశ్చిమ దేశాల్లో మామూలు జనానికి తెలియదు. అయినా అమెరికాలో ఆ పేరుతో కిట్లు వచ్చాయి, అసలు విమానంతో పోలిక లేని రూపంలో. ప్రచ్ఛన్న యుద్ధంలో ఒక పక్షం రెండోదాన్ని ఎలా ఊహించుకుందో ఆ ప్లాస్టిక్ ముక్కలు ఇప్పటికీ చూపిస్తాయి. ఇలాంటి కథల్లో పెద్దది 1986 నాటిది. జాన్ ఆండ్రూస్ రూపకల్పనతో టెస్టర్స్ కంపెనీ 'ఎఫ్-19 స్టెల్త్ ఫైటర్' కిట్ విడుదల చేసింది. రాడార్‌కు చిక్కని విమానం ఉందన్న పుకార్లే దానికి ఆధారం. రహస్యం బొమ్మల దుకాణంలో ఎలా దొరుకుతోందని అమెరికా కాంగ్రెస్‌లో నిలదీశారు. 1988 నవంబర్‌లో అసలు విమానం ఎఫ్-117 ఫొటో బయటపెట్టేసరికి కిట్‌లోని వంపులకు బదులు పలకలు పలకలుగా చెక్కినట్టున్న ఆకారం కనిపించింది.

కంపెనీ పోయినా అచ్చు బతుకుతుంది

ఉక్కు అచ్చు చెక్కించడం ఖరీదైన పని. అందుకే కంపెనీ మూతపడినా అచ్చును పారేయరు, అమ్ముతారు. ఫ్రాగ్ 1970లలో ఆగిపోయాక దాని అచ్చులు చాలావరకు సోవియట్ యూనియన్‌కు వెళ్లి 'నోవో' పేరుతో మళ్లీ వచ్చాయి. జర్మనీ, జపాన్, ఇటలీ యుద్ధ విమానాల అచ్చులు మాత్రం సోవియట్లు వద్దనుకున్నారు. అవి రెవెల్ కంపెనీ చేతికి వెళ్లాయి. ఎయిర్‌ఫిక్స్ 1981లో దివాలా తీసి జనరల్ మిల్స్‌కు, 1986లో హంబ్రోల్‌కు, 2006లో హార్న్‌బీకి మారింది. పెట్టె మీద సంవత్సరం కొత్తదైనా లోపలి అచ్చు తాత కాలం నాటిది కావచ్చు. కొనేవాడు ముందు తెలుసుకోవాల్సింది ఇదే.

హైదరాబాద్ పేరున్న స్క్వాడ్రన్లు

మొదటి ప్రపంచ యుద్ధంలో హైదరాబాద్ పాలకుడు నిజాం ఇచ్చిన విరాళంతో బ్రిటిష్ వైమానిక దళంలోని 110వ స్క్వాడ్రన్‌కు డీహెచ్.9ఏ విమానాలు సమకూరాయి. దాంతో దానికి 'హైదరాబాద్' పేరు వచ్చింది. రెండో యుద్ధంలో స్పిట్‌ఫైర్లు నడిపిన 152వ స్క్వాడ్రన్, హరికేన్లు నడిపిన 253వ స్క్వాడ్రన్ కూడా హైదరాబాద్ పేరు పెట్టుకున్నాయి. 152 చిహ్నంలో నిజాం తలపాగా ఉంటుంది. 1948 సెప్టెంబర్‌లో హైదరాబాద్ రాజ్యాన్ని భారత్‌లో కలిపిన పోలీసు చర్య జరిగింది. విజయవాడ వైపు నుంచి సైన్యం వస్తుండగా నల్లగొండ జిల్లా సూర్యాపేట దగ్గర వైమానిక దాడి జరిగింది. అప్పటికి భారత వైమానిక దళంలో ఉన్నవి ప్రొపెల్లర్ విమానాలే. తొలి జెట్లయిన వాంపైర్లు నవంబర్‌లో వచ్చాయి.

బ్రిటన్‌లో మాత్రం ఆ పేరు ఇంకా కొన్నేళ్లు ఎగిరింది. 152వ స్క్వాడ్రన్‌ను 1954లో మీటియర్ రాత్రి యుద్ధ జెట్లతో, 253ను 1955లో వెనమ్ జెట్లతో మళ్లీ ఏర్పాటు చేశారు. 1956 నవంబర్ 1న హైదరాబాద్ రాష్ట్రం పటం మీద లేకుండా పోయింది. మీటియర్లు 1958 దాకా ఆ పేరుతోనే పనిచేశాయి. మ్యాచ్‌బాక్స్ కంపెనీ 1/72 కొలతలో మీటియర్ ఎన్ఎఫ్ కిట్ చేసింది. లోతైన గీతలు, రెండు మూడు రంగుల ప్లాస్టిక్ ఆ కంపెనీ ముద్ర. తెలంగాణ చరిత్ర మీద మక్కువ ఉన్న మోడలర్‌కు ఇంతకన్నా మంచి పాత కిట్ లేదని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

మన ఆకాశం, మన బల్ల

హైదరాబాద్ శివార్లలోని హకీంపేటలో భారత పైలట్లు వాంపైర్ల మీద, తర్వాత కిరణ్‌ల మీద జెట్ శిక్షణ పొందారు. దుండిగల్‌లో వైమానిక దళ అకాడమీకి 1967లో రాష్ట్రపతి జాకిర్ హుస్సేన్ శంకుస్థాపన చేశారు. ఆకాశంలో జెట్లున్నా బజారులో వాటి కిట్లు అరుదు. బొమ్మల వంటి వినియోగ వస్తువుల దిగుమతిపై 2001 దాకా గట్టి ఆంక్షలుండేవి. కిట్ దొరికితే విదేశాల నుంచి వచ్చిన బంధువు పెట్టెలోనే. జిల్లాల్లో విద్యార్థికి విమాన నమూనాలతో పరిచయానికి ఉన్న దారి ఎన్‌సీసీ. 1950లో మొదలైన దాని ఎయిర్ వింగ్‌లో ఏరోమోడలింగ్ శిక్షణలో భాగం, పోటీ అంశం కూడా. అక్కడ వాడేది ఎక్కువగా బాల్సా చెక్క. 2001 తర్వాత దారి కొంత తెరుచుకుంది. కానీ సుంకం 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెరిగింది. కస్టమ్స్ పట్టికలో స్కేల్ నమూనాలు కూడా బొమ్మల పద్దు కిందికే వస్తాయి.

భారత గుర్తులతో పాత కిట్ కట్టాలంటే ముందు రకం చూసుకోవాలి. 1965 యుద్ధంలో పేరు తెచ్చుకున్న నాట్ విమానాన్నే తీసుకుందాం. ఎయిర్‌ఫిక్స్ పాత 1/72 నాట్ కిట్ రెండు సీట్ల శిక్షణ రకం, బ్రిటిష్ విమాన విన్యాసాల జట్టు రెడ్ యారోస్‌ది. మన దళం నడిపింది ఒకే సీటు రకం. ముక్కు, కాక్‌పిట్ మూత, రెక్క తేడాలన్నీ పుట్టీతో, రంపంతో సరిచేయాలి. పూర్తయితే ఆ యుద్ధ విమానం పొడవు పన్నెండు సెంటీమీటర్లే.

పాత కిట్ల మీద గీతలు, రివెట్లు ఉబ్బెత్తుగా ఉంటాయి. అతుకు దగ్గర గరుకు కాగితం రుద్దితే అవి చెరిగిపోతాయి. కొందరు మొత్తం రుద్దేసి కొత్తగా గాట్లు చెక్కుతారు. కొందరు అలాగే ఉంచుతారు. రెండోదే ఆ కాలానికి న్యాయం. నీటిలో నానబెట్టి అంటించే డెకాల్స్ ఏళ్లు గడిస్తే పసుపెక్కి, నీటిలో వేయగానే ముక్కలవుతాయి. ముందే పారదర్శక వార్నిష్ పూత వేసి ఆరబెడితే నిలుస్తాయి. జిగురు ప్లాస్టిక్‌ను కరిగించి అతుకుతుంది కాబట్టి ఎక్కువైతే రెక్క రూపు చెడుతుంది. దాని ఆవిర్లు హానికరం. కిటికీ తెరిచి పెట్టుకునే పని చేయాలి. మహబూబ్‌నగర్, నల్లగొండ ఎండాకాలంలో ఆక్రిలిక్ రంగు ఎయిర్‌బ్రష్ కొసలోనే ఆరిపోతుంది. ఆరడాన్ని ఆలస్యం చేసే ద్రవం కొన్ని చుక్కలు కలిపి తెల్లవారుజామున వేసుకోవడం మేలు.

బెంగళూరులో హెచ్ఏఎల్ తయారుచేసిన యుద్ధ జెట్ మారుత్ 1961 జూన్ 17న, శిక్షణ జెట్ కిరణ్ 1964 సెప్టెంబర్ 4న తొలిసారి ఎగిరాయి. ఎయిర్‌ఫిక్స్, రెవెల్, హసెగావా, టమియా వంటి పెద్ద కంపెనీలేవీ వీటికి అచ్చు చెక్కలేదు. 2016 జూన్ 18న దుండిగల్‌లో యుద్ధ విభాగానికి ఎంపికైన తొలి మహిళా పైలట్లు ముగ్గురు, అవనీ చతుర్వేది, భావనా కాంత్, మోహనా సింగ్, కిరణ్ మీద శిక్షణ పొందినవారే. ఆ విమానాన్ని బల్లమీద నిలపాలనుకునే వారు చిన్న తయారీదారుల రెజిన్ పోతల కోసం వెతకాలి, లేదా చెక్కలోనో త్రీడీ ముద్రణలోనో మొదటినుంచి తామే చేసుకోవాలి.