సీటు వెనక సంచి కథ

ఈ పోస్టు కొంచెం పెద్దది. సాయంత్రం తీరుబడిగా కూచుని చదవండి. ఈసారి పంట గురించీ, ధర గురించీ కాదు. మనం రోజూ పొలానికి తోలే బండి మీద పానా, ప్లేయరు, పంచరు సామాను ఎట్లా పెట్టుకుపోవాలనే దాని గురించి. దీనికి చరిత్ర ఏముంటది అనుకోకండి. చాలానే ఉంది. నేను ఒకసారి దెబ్బతిన్నాక గానీ వెతకలేదు.

ముందు ఆ దెబ్బ సంగతి చెప్తా. కొన్నేళ్ల కింద, రాత్రిపూట కరెంటు ఇచ్చే రోజుల్లో, మిరప తోటకు తడి పెట్టాలి. ఇంటి నుంచి బోరు దగ్గరికి 5 కిలోమీటర్ల డొంక దారి. సగం దారిలో బండి చైను లాకు ఊడిపోయింది. చైను నేల మీద పాములాగా పడింది. సీటు కింద డబ్బా తీసి చూస్తే ఏముంది? ఎరువుల కొట్టు బిల్లులు, ఇన్సూరెన్సు కాగితం, ఒక మసిగుడ్డ. బండి నెట్టుకుంటూ బోరు దగ్గరికి పోయేసరికి కరెంటు టైము అయిపోవచ్చింది. ఆ తర్వాత రెండు రోజులు లైను బాగాలేదు. ఎకరంన్నర తోట వాడు మొహం వేసింది, పూత రాలింది. పోయింది పట్టుమని పది రూపాయలు చెయ్యని లాకు. దానివల్ల పోయింది ఒక కోత.

ఆ రాత్రి నడుస్తుంటే మా నాన్న సైకిలు గుర్తుకొచ్చింది. సీటు వెనక రెండు తోలు పట్టీలతో బిగించిన చిన్న సంచి ఉండేది. అందులో ఎనిమిది సైజుల నట్లు పట్టే పొట్టి పానా, సొల్యూషను ట్యూబు, ఉప్పు కాగితం ముక్క, పాత ట్యూబు ముక్కలు, జానెడు వాలుట్యూబు. ఫ్రేము కడ్డీకి గాలి పంపు. ఆయన పొలం దారిలో సైకిలు నెట్టుకుంటూ రావడం నేను చూడలేదు. ఈ సంచి అసలు ఎవరికి అవసరమై వచ్చిందా అని అప్పట్నుంచి దొరికిందల్లా చదువుతూ వచ్చాను. చదివాక నాకు ఒకటి అర్థమైంది. బండి మీద ఎంత సామాను ఉండాలో బండి చెప్పదు. దారిలో బాగుచేసే మనిషి ఎంత దూరంలో ఉన్నాడో అదే చెప్తది.

ఎట్లాగో చూడండి. 1884 ఏప్రిల్‌లో థామస్ స్టీవెన్స్ అనే ఆయన అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి సైకిలు మీద బయలుదేరాడు. అప్పటి సైకిలుకు ముందు చక్రం మనిషి ఛాతీ ఎత్తు, వెనకది చిన్న బుడ్డ చక్రం. ఆ సైకిలు మీద 1886 డిసెంబరు నాటికి ప్రపంచం చుట్టేశాడు. అప్పటి మన దేశంలో లాహోరు నుంచి కలకత్తా దాకా గ్రాండ్ ట్రంక్ రోడ్డు మీద కూడా తొక్కాడు. హ్యాండిలుకు కట్టిన సంచిలో ఆయన పెట్టుకున్నది మేజోళ్లు, ఒక చొక్కా, డేరాగా, పక్కగా కూడా పనికొచ్చే ఒక వాన కోటు. ఇంకా ఒక పిస్తోలు. పంచరు సామాను లేదు, ఎందుకంటే పంచరే లేదు. టైరు గట్టి రబ్బరు పట్టీ. ఇనుము విరిగితే కమ్మరి కొలిమి వెతుక్కోవాల్సిందే.

తర్వాత గాలి టైరు వచ్చింది. 1888లో ఐర్లండ్‌లో బెల్‌ఫాస్ట్ ఊళ్లో జాన్ బాయిడ్ డన్‌లప్ తన కొడుకు మూడు చక్రాల సైకిలు కుదుపు లేకుండా పోవాలని గాలి నింపిన టైరు తయారు చేశాడు. ఆయన వృత్తి ఏంటో తెలుసా? పశువుల డాక్టరు. మన గొడ్లకు సూది వేసే డాక్టరు లాంటాయనే. కుదుపు తగ్గింది, వేగం పెరిగింది. కానీ కమ్మరికి అర్థం కాని జబ్బు ఒకటి పుట్టింది. అదే పంచరు. పైగా ఆ టైరును చక్రానికి జిగురుతో అంటించేవాళ్లు.

ఫ్రాన్సులో క్లెర్మాంట్ ఫెరాండ్ అనే ఊళ్లో మిషెలిన్ అన్నదమ్ములకు ఒక ఫ్యాక్టరీ ఉండేది. వ్యవసాయ యంత్రాలు, రబ్బరు సామాను చేసేవాళ్లు. 1889లో ఒకాయన పంచరైన సైకిలు తెచ్చాడట. టైరు ఊడదీసి అతికేసరికి మూడు గంటలు, జిగురు ఆరడానికి ఒక రాత్రి పట్టింది. దీనికి ఏదో ఒకటి చెయ్యాలని పట్టుబట్టి, 1891 నాటికి విప్పి మళ్లీ ఎక్కించుకునే టైరు చేశారు. ఆ ఏడాది సెప్టెంబరులోనే పారిస్ నుంచి బ్రెస్ట్ దాకా పోయి తిరిగి రావాలని దాదాపు 1200 కిలోమీటర్ల పందెం జరిగింది. చార్లెస్ టెరాంట్ అనే ఆయన ఈ టైర్ల మీదే సుమారు మూడు రోజుల్లో గెలిచాడు. అంటే అంతకు ముందు షెడ్డులో ఒక రాత్రి పట్టే పని, ఇప్పుడు రోడ్డు పక్కన కూచుని చేసుకోవచ్చు. పని రోడ్డు మీదికి వచ్చిందంటే పనిముట్టు కూడా రోడ్డు మీదికి రావాలి కదా. సీటు వెనక సంచి, ఫ్రేముకు పంపు అట్లా స్థిరపడ్డాయి.

పందేలు తొక్కేవాళ్ల పద్ధతి వేరు. వాళ్ల టైరులో ట్యూబు పెట్టి కుట్టేసి ఉండేది. దారిలో కుట్లు విప్పి అతకడం కుదరదు కాబట్టి ఒకటి రెండు టైర్లు అదనంగా మోసేవాళ్లు. ఎక్కడ? సంచిలో పట్టదు, వెనక కడితే బరువు లాగుతుంది. అందుకని భుజాల మీదుగా, ఛాతీకి అడ్డంగా జంధ్యం వేసుకున్నట్టు చుట్టుకునేవాళ్లు. పాత ఫోటోలు చూస్తే టైర్లు తగిలించుకున్న ఆ మనుషులు, మన దగ్గర తాడు చుట్టలు భుజాన వేసుకుని పోయే ఎడ్ల బండి తోలేవాళ్లలా కనపడతారు.

ఇక అసలు కథకు వస్తా. 1913 టూర్ ద ఫ్రాన్స్ సైకిలు పందెం. దాని పెద్ద హెన్రీ డెగ్రాంజ్. ఆయన పెట్టిన రూలు ఏంటంటే, బండి చెడితే తొక్కేవాడే బాగుచేసుకోవాలి, ఎవరి సాయమూ తీసుకోకూడదు. జూలై 9న బయోన్ నుంచి లుషాన్ దాకా 326 కిలోమీటర్లు. దారిలో తుర్మలే అనే కొండ, 2,115 మీటర్ల ఎత్తు. యూజీన్ క్రిస్తోఫ్ అనే ఆయన మొత్తం మీద ముందుకు వచ్చి గెలిచే ఊపులో ఉన్నాడు. కొండ దిగేటప్పుడు ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు విరిగింది.

భుజాన టైర్లు ఉన్నాయి, పానా ఉంది. విరిగిన ఫోర్కుకు అవేవీ పనికిరావు. సైకిలు భుజాన వేసుకుని 10 కిలోమీటర్లకు పైగా కొండ దిగి, సెంట్ మరీ ద కంపాన్ అనే పల్లె చేరాడు. కమ్మరి కొలిమి దొరికింది. క్రిస్తోఫ్ ఒకప్పుడు తాళాలు చేసే పని నేర్చుకున్నవాడు. కమ్మరి ఎట్లా చెయ్యాలో చెప్తుంటే తనే ఇనుము కాల్చి, కొట్టి, అతికాడు. పందెం అధికారులు పక్కనే నిలబడి కాపలా కాశారు. పని గంటల తరబడి పట్టింది. రెండు చేతులూ ఇనుము మీద ఉంటే కొలిమి తిత్తి ఎవరు ఊదుతారు? అక్కడున్న ఒక పిల్లవాడు ఊదాడు. దానికి శిక్ష వేశారు! 10 నిమిషాలు కలిపారు, తర్వాత 3 నిమిషాలకు తగ్గించారు. ఆ పందెం బెల్జియం వాడు ఫిలిప్ థీస్ గెలిచాడు. క్రిస్తోఫ్ వదలకుండా తొక్కి ఏడో స్థానంలో నిలిచాడు.

అంతటితో అయిపోలేదు. 1919లో టూర్‌లో ముందున్నవాడికి పసుపు చొక్కా ఇవ్వడం మొదలుపెట్టారు. మొదట తొడుక్కున్నది ఈ క్రిస్తోఫే. పందెం ఇంకా రెండు మజిలీలు ఉందనగా వాలెన్సియెన్ దగ్గర మళ్లీ ఫోర్కు విరిగింది. మళ్లీ తనే బాగుచేసుకున్నాడు, మళ్లీ గెలుపు పోయింది. ఈ కథ చదివినప్పుడు నాకు ఆ డొంక దారి, ఆ చైను లాకు గుర్తుకొచ్చి ఊరుకోలేకపోయాను. మనిషిలో సత్తువకు లోటు లేదు, పనితనానికి లోటు లేదు. దారిలో చేతికి అందాల్సిన వస్తువు అందలేదు, అంతే.

సామాను తగ్గించే ఉపాయం ఆలోచించినవాళ్లూ ఉన్నారు. ఆ కాలంలో పందెం సైకిళ్లకు గేరు మార్చాలంటే వెనక చక్రం విప్పి తిప్పి పెట్టాలి. 1927లో తుల్లియో కంపానియోలో అనే ఇటలీ పందెగాడు మంచు కొండ మీద చేతులు కొంకర్లు పోయి చెవుల నట్టు విప్పలేకపోయాడని చెప్తారు. ఆయనే 1930 నాటికి ఒక్క మడత పిడితో ఊడే ఇరుసు చేశాడు. ఇప్పుడు మన పిల్లల గేరు సైకిళ్ల చక్రానికి ఉండే ఆ పిడి అదే. పనిముట్టు సంచిలో నుంచి బండిలోకే పోయింది.

ఇంకో రకం మోత యుద్ధంలో కనపడుతుంది. 1941 డిసెంబరులో జపాను సైన్యం మలయా మీద పడ్డప్పుడు వేలమంది సిపాయిలు సైకిళ్ల మీద దక్షిణానికి తరలారు. ఒక్కో కంపెనీకి కనీసం ఇద్దరు రిపేరు మనుషులుండేవాళ్లు, రోజుకు ఇరవై సైకిళ్ల దాకా బాగుచేసేవాళ్లని ఆ సైన్యం అధికారి ఒకాయన తర్వాత రాశాడు. స్పేర్లు ఎక్కడివి? యుద్ధానికి ముందు నుంచే జపాను సైకిళ్లు మలయాలో అమ్ముడుపోతున్నాయి. అందుకని దారిలో ప్రతి ఊళ్లోనూ వాటి సామాను దొరికింది. టైర్లు మరీ పోతే వట్టి చక్రాల మీదే తొక్కారు, రాత్రిపూట ఆ ఇనుప చప్పుడు విని ఎదుటివాళ్లు ట్యాంకులు అనుకున్నారట. వాళ్లు చేసిన యుద్ధం మెచ్చుకోదగ్గది కాదు. కానీ ఒక నీతి ఉంది. దారిలో సామాను దొరుకుతుందని తెలిస్తే వీపు మీద బరువు తగ్గుతుంది.

మన ఊళ్లలో జరిగిందీ అదే. మొదట్లో సైకిళ్లు ఇంగ్లండు నుంచి ఓడల్లో వచ్చేవి. స్వాతంత్య్రం వచ్చాక 1949లో మద్రాసులో టీఐ సైకిల్స్, 1951లో సోనీపత్‌లో అట్లాస్, 1956లో లూధియానాలో హీరో మొదలయ్యాయి. సైకిలు రైతు ఇంటికి వచ్చింది, దాని వెనకే సైకిలు షాపు ఊరికి వచ్చింది. నీళ్ల తొట్టి, వేలాడే పాత టైర్లు, కాలితో తొక్కే పంపు, నూనె మసి పట్టిన గూడు. సైకిలు షాపు వచ్చాక చాలామంది సీటు వెనక సంచి తీసేశారు. మా నాన్న తియ్యలేదు. అడిగితే "ఒరే, షాపు తొమ్మిదింటికి తెరుస్తాడు. మన పొలం ఐదింటికి తెరుచుకుంటది" అనేవాడు.

ఇప్పుడు మా ఊళ్లో ఆ సైకిలు షాపు లేదు. అక్కడ సెల్లు రీచార్జి చేస్తున్నారు. మోటారు సైకిలు మెకానిక్కు మండలం సెంటర్లో ఉంటాడు. అంటే బాగుచేసే మనిషి మళ్లీ దూరం పోయాడు. మనం మాత్రం సైకిలు షాపు పక్కనే ఉన్నట్టు ఖాళీ డబ్బాతో తిరుగుతున్నాం. ఫోను ఉంది కదా అంటారు. డొంకలో సిగ్నలు ఉండాలి, ఆ టైముకు వాడు ఎత్తాలి, వచ్చేదాకా కరెంటు ఆగాలి.

అందుకని నేను ఇప్పుడు పెట్టుకునేవి చెప్తా. స్పేరు చైను లాకు రెండు. కటింగ్ ప్లేయరు. బండికి సరిపోయే రెండు పానాలు. ప్లగ్గు, ప్లగ్గు పానా. ఒక క్లచ్ వైరు. ట్యూబులెస్ టైరైతే సూది, జిగురు తాళ్లు, చిన్న పంపు. వీటితో పాటు స్టార్టరు కోసం ఫ్యూజు వైరు, టెస్టరు.

పెట్టే పద్ధతి కూడా ముఖ్యం. ఇనుప సామాను జేబులో, నడుము దగ్గర పెట్టుకోకండి. పడితే ముందు దెబ్బ తగిలేది ఎముకకే. హ్యాండిలుకు వేలాడదీస్తే బండి ఒక పక్కకు లాగుతుంది, సంచి చక్రంలో పడ్డా పడుతుంది. బరువు సీటు కింద, మధ్యలో ఉండాలి. పాత లుంగీ ముక్కలో చుట్టి పెడితే గలగల ఉండదు, ఒకదానికొకటి రాసుకుని అరగవు. ఆ గుడ్డే చేతులు తుడుచుకోను పనికొస్తుంది. పంపును పాత ట్యూబు కోసిన పట్టీతో కడ్డీకి కట్టండి, తాడు వదులవుతుంది గానీ రబ్బరు పట్టు వదలదు. సైలెన్సరు పక్కన ఏదీ పెట్టకండి. సొల్యూషను ట్యూబు ఒకసారి మూత తీస్తే లోపలే ఎండిపోతుంది. ఏరువాకకు ముందోసారి, సంక్రాంతికి ఒకసారి పిండి చూసుకోండి.

చివరగా ఒక మాట. క్రిస్తోఫ్‌కు తిత్తి ఊదిన పిల్లవాడి వల్ల శిక్ష పడింది. మన దారిలో అట్లాంటి రూలు లేదు. పోయిన ఏడు పొద్దున్నే పొలానికి పోతుంటే పక్క ఊరి కుర్రాడు చైను చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు. వెనక క్యారేజీ మీద పాల క్యాను. నా డబ్బాలో రెండో లాకు ఉంది. అయిదు నిమిషాల పని. పాలు విరక్కముందే కేంద్రానికి చేరాడు.

మీ బండి సీటు ఒకసారి ఎత్తి చూడండి. బిల్లులు తీసి ఇంట్లో దాచి, ఆ డబ్బాను దాని పనికి వాడండి. ఏం పెట్టుకుంటున్నారో, ఎట్లా కడుతున్నారో కింద రాయండి. నాకు తెలియంది ఉంటే నేర్చుకుంటాను.