దాగినది, దాచినది

ఇంగ్లీషులో 'అకల్ట్' అన్న మాట వినగానే మనకి తాయెత్తులు, ముగ్గులు, నిమ్మకాయలు గుర్తుకొస్తాయి. ఆ మాట లాటిన్ నించి వచ్చింది. అక్కడ దాని అర్థం 'దాగినది' అని, అంతే. కంటికి కనిపించే ఈ ప్రపంచం వెనక కనిపించనిదేదో ఉంది, దాన్ని పట్టుకుంటే అన్నీ అర్థమవుతాయి అన్న ఆశ పదిహేను, పదహారు శతాబ్దాల యూరప్ పండితులని నిద్రపోనివ్వలేదు. ఆ లెక్కన ఇవాళ్టి భౌతికశాస్త్రం కూడా దాగినదాని వేటే కదా! క్వార్కుని విడిగా పట్టుకున్నవాళ్ళు లేరు. విశ్వంలోని పదార్థంలో అయిదింట నాలుగు వంతులకి పైగా 'కృష్ణ పదార్థం' అంటారు, అది దేనితో తయారయిందో ఇంకా తేలలేదు. మరి పాత మాంత్రికుడికీ కొత్త శాస్త్రజ్ఞుడికీ తేడా ఎక్కడుంది?

మా జింజ్‌లో శుక్రవారం సాయంత్రాలు ఈ ప్రశ్న తరచు వస్తుంటుంది. జింజ్ బహ్రెయిన్ రాజధాని మనామాలో ఒక పేట. నేనుండేది అక్కడే. సెలవు రోజు నాలుగైదు తెలుగు కుటుంబాలు కలిస్తే, పెసరట్లూ కాఫీలూ అయ్యాక ఎవరో ఒకరు ఫోను తీసి, క్వాంటమ్ సిద్ధాంతం మనవాళ్ళు ఎప్పుడో చెప్పారంటూ వచ్చిన సందేశం చదువుతారు. ఇంకొకరు అదంతా చెత్త అని కొట్టేస్తారు. పన్నెండో తరగతి చదివే పిల్లలు ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తారు. వచ్చే ఏడు భౌతికశాస్త్రం చదవాలా, ఇంజినీరింగులో చేరాలా అన్న ఆలోచనలో ఉన్న పిల్లలకి ఈ రెండు మాటల్లో ఏదీ పనికిరాదు. రెండింటిలోనూ చరిత్ర లేదు. చరిత్ర తిరగేస్తే ఈ మంత్రవిద్య, భౌతికశాస్త్రం చాలాకాలం ఒకే ఇంట్లో కాపురమున్నాయని తెలుస్తుంది. ఆ కాపురంలో ఒక ముఖ్యమైన ఘట్టం మన మదనపల్లెని కూడా తాకింది.

ముందు యూరప్ సంగతి. 1463లో ఫ్లారెన్స్ నగర ప్రభువు కోసిమో ద మెడిచి తన పండితుడు ఫిచినోని ప్లేటో అనువాదం పక్కన పెట్టి, హెర్మిస్ అనే ఈజిప్టు మహర్షి రాశాడని చెప్పే గ్రంథాన్ని ముందు అనువదించమన్నాడు. హెర్మిస్ మోషే కాలంవాడని, ప్లేటో జ్ఞానానికి కూడా మూలం అదేనని అప్పటివాళ్ళ నమ్మకం. ఈ విద్యలో పెద్ద భాగం యూరప్‌కి అరబ్బీ నించి వచ్చింది. రసవాదులు వేదంలా చూసుకున్న 'మరకత ఫలకం' పాఠాల్లో మనకి దొరికే పాతవి అరబ్బీవే. గ్రహాల శక్తిని తాయెత్తులోకి దింపే పద్ధతులు చెప్పే 'గాయత్ అల్ హకీమ్' 1256లో స్పెయిన్ రాజు పదవ అల్ఫాన్సో కొలువులో తర్జుమా అయి 'పికాట్రిక్స్'గా యూరప్ అంతా తిరిగింది. ఇక్కడ బహ్రెయిన్‌లో పిల్లలకి రసాయనశాస్త్రాన్ని అరబ్బీలో 'కీమియా' అనే అంటారు. 'అల్కెమీ', 'కెమిస్ట్రీ' రెండూ ఆ మాటకి చుట్టాలే. మనకీ ఉంది ఆ చుట్టరికం. వేమన యోగి కాకముందు బంగారం చెయ్యడానికి తిరిగాడన్న కథా, పరుసవేది కథా చిన్నప్పుడు వినని తెలుగువాళ్ళుంటారా?

హెర్మిస్ గ్రంథానికి ఏం జరిగిందో చూడండి. 1614లో ఐజాక్ కాసాబాన్ అనే భాషాపండితుడు అందులోని గ్రీకు మాటల్ని పరీక్షించి, అది మోషే కాలం నాటిది కాదు, క్రీస్తు తరవాత రాసినది అని తేల్చాడు. నూటయాభై ఏళ్ళ నమ్మకం భాష లెక్క ముందు నిలవలేదు. 'ఎప్పుడో చెప్పారు' అనేవాళ్ళు ఆ ఎప్పుడో ఎప్పుడని చూసుకోవడం మంచిదని చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కరలేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే కెప్లర్ ఉన్నాడు. ఆయన జాతకాలు రాసి జీతం తీసుకున్నవాడు. రసవాదుల్నీ మాంత్రికుల్నీ పోషించిన రెండవ రుడాల్ఫ్ చక్రవర్తికి ప్రాగ్‌లో గణితజ్ఞుడు. 1596లో రాసిన మొదటి పుస్తకంలో గ్రహాల మధ్య దూరాలని అయిదు ఘనాకారాలు ఒకదానిలో ఒకటి ఇమిడిన అమరికగా ఊహించాడు. ఇది పూర్తిగా మార్మికుడి ఊహ. దాన్ని చివరిదాకా ప్రేమించాడు కూడా. కానీ కుజుడి కక్ష్యని వృత్తాలతో లెక్కగట్టినప్పుడు టైకో బ్రాహీ పరిశీలనలకీ తన లెక్కకీ మధ్య ఎనిమిది నిమిషాల కోణం తేడా వచ్చింది. నిమిషమంటే డిగ్రీలో అరవయ్యో వంతు. ఎనిమిది నిమిషాలంటే పున్నమి చంద్రుడి వెడల్పులో సుమారు నాలుగో వంతు. ఆ కాస్త తేడా కోసం రెండు వేల ఏళ్ళ నించి పూజలందుకున్న వృత్తాన్ని వదిలేసి, 1609లో దీర్ఘవృత్తం అన్నాడు. ఇంగ్లండులో రాబర్ట్ ఫ్లడ్ అనే రసవాది అదే విశ్వసామరస్యాన్ని బొమ్మల్లో, సంకేతాల్లో చూపించాడు. ఇద్దరికీ గట్టి వాదం జరిగింది. ఇద్దరూ దాగినదాన్నే వెదికారు. కెప్లర్ దగ్గర మాత్రం తన ఊహని కాదనడానికి టైకో అంకెలున్నాయి. ఫ్లడ్ బొమ్మల్ని కాదనడానికి ఏమీ లేదు.

ఈ తగాదా గురించి 1952లో పెద్ద వ్యాసం రాసినది వుల్ఫ్‌గాంగ్ పౌలీ. 1945లో భౌతికశాస్త్రంలో నోబెల్ అందుకున్నవాడు. మనస్తత్వవేత్త యూంగ్‌తో కలిసి వేసిన పుస్తకంలో ఫ్లడ్ పక్షాన కూడా ఏదో సత్యముందని, ఆధునిక శాస్త్రం దాన్ని పోగొట్టుకుందని బాధపడ్డాడు. కాబట్టి ఈ పోలికలు వెదికేవాళ్ళంతా అమాయకులని అనుకోకూడదు. న్యూటన్ సంగతి సరేసరి. ఆయన రసవాదం మీద రాసుకున్న కాగితాలు 1936లో లండన్‌లో వేలానికి వచ్చినప్పుడు పెద్ద భాగం కొని కాపాడింది ఆర్థికశాస్త్రవేత్త కీన్స్. దూరంగా ఉన్న రెండు వస్తువులు మధ్యలో ఏమీ లేకుండా లాక్కుంటాయంటే, అది 'అకల్ట్' గుణమేనని లైబ్‌నిట్జ్ ఆ రోజుల్లోనే న్యూటన్‌ని దెప్పాడు.

ఇక మన కథ. అనిబిసెంటు, లెడ్‌బీటర్ 1895 నించి పరమాణువుల లోపలికి దివ్యదృష్టితో చూశామని చెప్పడం మొదలుపెట్టారు. మన యోగశాస్త్రాల్లోని అణిమా సిద్ధి అలాంటిదేనని థియోసాఫికల్ సొసైటీ వారి వివరణ. ఉదజని పరమాణువులో పద్ధెనిమిది 'అణువులు' ఉన్నాయన్నారు, ఆ సంస్కృతపు మాటే వాడి. మిగతా మూలకాల్లోనూ అణువుల్ని లెక్కపెట్టి, పద్ధెనిమిదితో భాగించి భారాలు చెప్పారు. ఇదంతా 1908లో మద్రాసు అడయారు నించి 'అకల్ట్ కెమిస్ట్రీ' అన్న పుస్తకంగా వచ్చింది. అందులో నియాన్‌కి 'మెటా నియాన్' అని ఒక కవల ఉంది. దాని భారం 22.33 అన్నారు.

1912లో కేంబ్రిడ్జిలో జె.జె. థామ్సన్ నియాన్‌ని పరీక్షిస్తుంటే 20 దగ్గర రావలసిన గీతతో పాటు 22 దగ్గర ఇంకో గీత కనిపించింది. ఆయన సహాయకుడు ఫ్రాన్సిస్ ఆస్టన్ 1913లో దానికి పెట్టిన పేరు 'మెటా నియాన్'. ఆ పేరు 'అకల్ట్ కెమిస్ట్రీ' లోదేనని విజ్ఞానశాస్త్ర చరిత్రకారులు తవ్వి తీశారు.

చూశారా, ముందే చెప్పారు! అనాలనిపిస్తుంది. కాస్త ఆగాలి. ఆ పుస్తకంలోనే 'కలోన్' అనే జడవాయువు కూడా ఉంది. దానికీ ఒక 'మెటా' కవల ఉంది. కలోన్ అనే మూలకం ఎవరికీ, ఎక్కడా దొరకలేదు. తగిలిన బాణాన్ని ఊరేగించి, తప్పిన బాణాలని గడ్డివాములో దాచేస్తే ఎవరైనా అర్జునుడే. ఆస్టన్ ఆ పుస్తకం నించి పేరు తీసుకున్నాడు గానీ సాక్ష్యం తీసుకోలేదు. నియాన్‌ని మట్టి గొట్టాల గుండా పదే పదే పంపి రెండు రకాలనీ వేరు చెయ్యాలని చూశాడు. అది సగంసగమే అయింది. మొదటి ప్రపంచయుద్ధం అయ్యాక 1919లో మాస్ స్పెక్ట్రోగ్రాఫ్ అనే యంత్రం కట్టి, అవి కొత్త మూలకాలు కావు, ఒకే మూలకంలో భారం వేరైన రకాలని నిరూపించాడు. వాటికి సాడీ పెట్టిన 'ఐసోటోప్' అన్న పేరే నిలిచింది. 1922లో ఆస్టన్‌కి నోబెల్ వచ్చింది. ఆ యంత్రం ఎవరైనా కట్టుకోవచ్చు, ఆ గీత ఎవరైనా చూడొచ్చు. లెడ్‌బీటర్ చూసింది మాత్రం లెడ్‌బీటరే చూడాలి.

ఇందులో ఏం పోయింది, ఎవరి నమ్మకం వాళ్ళది అనొచ్చు. ఏం పోయిందో మదనపల్లె జిడ్డు నారాయణయ్యగారిని అడగాలి. రెవెన్యూ శాఖలో ఉద్యోగం చేసి రిటైరయిన ఆయన, భార్య పోయాక, 1909లో పిల్లలతో అడయారు చేరారు. అదే సంవత్సరం అక్కడి సముద్రపొడ్డున ఆయన కొడుకు కృష్ణమూర్తి చుట్టూ స్వార్థమన్నదే లేని తేజోవలయం కనిపించిందన్నాడు లెడ్‌బీటర్. పరమాణువుల్ని చూసిన కన్నే అది. ఆ ఒక్క చూపుతో పధ్నాలుగేళ్ళ తెలుగు కుర్రాడు కాబోయే జగద్గురువయ్యాడు. 1910లో తండ్రి ఇద్దరు కొడుకుల సంరక్షణ బాధ్యతని అనిబిసెంటుకి రాసిచ్చారు. తరవాత మనసు మారి 1912లో దావా వేశారు. 1913లో మద్రాసు హైకోర్టు పిల్లల్ని తండ్రికి అప్పగించమంది. 1914లో లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ ఆ తీర్పుని కొట్టేసింది. పిల్లలు అప్పటికే ఇంగ్లండులో ఉన్నారు. పిల్లల్ని దూరదేశాల్లో పెంచుకుంటున్న మనకి ఆ తండ్రి సంగతి చదువుతుంటే గొంతులో ఏదో అడ్డం పడుతుంది. అయితే ఈ కథలో నలుపూ తెలుపూ విడివిడిగా లేవు. మదనపల్లెకి 1915లో కాలేజీ ఇచ్చిందీ ఆ అనిబిసెంటే.

తమ్ముడు నిత్యానంద 1925లో క్షయతో పోయాడు. నాలుగేళ్ళ తరవాత, 1929 ఆగస్టు 3న హాలండులోని ఓమెన్‌లో, తనని జగద్గురువుగా నిలబెట్టడానికి పెట్టిన సంఘాన్ని కృష్ణమూర్తి వేలమంది ఎదుట రద్దు చేశాడు. సత్యానికి ఏ సంస్థా దారి వెయ్యలేదన్నాడు. ఆయన శాస్త్రజ్ఞుడు కాడు. కానీ తన గురించి చెప్పిన మాటని కూడా పరీక్షించకుండా ఒప్పుకోనన్న ఆ పట్టుదలలో ఎనిమిది నిమిషాల కోణాన్ని వదలని కెప్లర్ నాకు కనిపిస్తాడు.

భౌతికశాస్త్రం తరవాత ఈయన్ని వెతుక్కుంటూ వచ్చింది. క్వాంటమ్ సిద్ధాంతం వెనక 'దాగిన చరరాశులు' ఉండొచ్చని 1952లో రాసిన డేవిడ్ బోమ్, 1961 నించి ఇరవై ఏళ్ళకి పైగా కృష్ణమూర్తితో సంభాషించాడు. వాళ్ళ మాటలు 1985లో పుస్తకంగా వచ్చాయి. ఈ స్నేహాన్ని చూపించి క్వాంటమ్, వేదాంతం ఒకటేననేవాళ్ళున్నారు. కానీ దాగిన చరరాశుల భవిష్యత్తు ఆ సంభాషణల్లో తేలలేదు. 1964లో జాన్ బెల్ దాన్ని తేల్చడానికో పరీక్ష చెప్పాడు. క్లౌజర్, ఆస్పే, జైలింగర్ ఆ పరీక్షలు చేశారు. 2022లో ముగ్గురికీ నోబెల్ వచ్చింది. కాంతి కన్నా వేగంగా ప్రభావం ప్రసరించదనే షరతుకి లోబడిన చరరాశులు ఓడిపోయాయి. బోమ్ సిద్ధాంతం ఆ షరతు పెట్టుకోలేదు కాబట్టి ఇంకా బరిలోనే ఉంది.

భౌతికశాస్త్రం ఎప్పుడూ ఈ నియమం తప్పదని నేననను. తీగల సిద్ధాంతం పరీక్షకి అందకుండా పెరిగిపోతోందని, ప్రయోగం అక్కర్లేదనే ధోరణి ప్రమాదమని 2014లో 'నేచర్' పత్రికలో ఎల్లిస్, సిల్క్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు హెచ్చరించారు. ఆ హెచ్చరిక ఇంటివాళ్ళే చెయ్యడం, అందరూ చదివే చోట చెయ్యడం గమనించాలి.

మనామాలో బాబ్ అల్ బహ్రెయిన్ వెనక బంగారం కొట్ల ముందు నించి వెళ్ళినప్పుడల్లా నాకు రసవాదులు గుర్తొస్తారు. వాళ్ళ కల నిజంగా ఫలించింది. జెనీవా దగ్గరి సెర్న్‌లో సీసం కేంద్రకాలు ఒకదాని పక్కనించి ఒకటి రాసుకుపోయినప్పుడు మూడు ప్రోటాన్లు ఊడి కొన్ని బంగారమయ్యాయి. 2015 నించి 2018 వరకు మొత్తం 8,600 కోట్ల కేంద్రకాలు. తూస్తే గ్రాములో లక్షకోట్ల వంతులు ఇరవై తొమ్మిది. అవి కూడా పుట్టిన క్షణంలోనే చెదిరిపోయాయి. ముక్కుపుడక మీద మెరుగుకి కూడా చాలదు. రసవాది అయితే ఈ ప్రక్రియని సంకేతభాషలో రాసి శిష్యుడి చెవిలో చెప్పేవాడు. సెర్న్ వాళ్ళు 2025లో లెక్కలన్నీ అచ్చువేసి అందరి ముందూ పెట్టారు.

అందుకని మా శుక్రవారం పిల్లలతో నేననేది ఇది. మన పూర్వులు దాగినదాని గురించి కలలు కన్నారు, అది చిన్న విషయం కాదు. కెప్లర్‌కీ, న్యూటన్‌కీ అలాంటి కలే దారి చూపించింది. అయితే ఎవరైనా ఒక రహస్యం తెలుసంటే రెండు ప్రశ్నలు అడగండి. నీకు కనిపించింది నాకెలా కనిపిస్తుంది? ఏం జరిగితే నీ మాట తప్పని ఒప్పుకుంటావు? ప్రకృతి దాచుకున్నదాన్ని వెతికేవాడు ఈ ప్రశ్నలకి సంతోషిస్తాడు. మనిషి దాచిపెట్టినదాన్ని కాపాడుకునేవాడు విసుక్కుంటాడు. ఫోనులో సందేశం చదివే పెద్దవాళ్ళనీ, నాతో సహా, ఇవే అడగమన్నాను. పోయిన వారం ఒక పిల్ల నన్నే అడిగింది, కలోన్ లేదని మీకెలా తెలుసు మావయ్యగారూ, అని. ఆవర్తన పట్టిక తెరిచి ఇద్దరం కూర్చున్నాం.