మాత్ర ఎవరి చేతిలో ఉంది?

తల్లాడ మూడు దారులు కలిసే ఊరు. ఒక దారి వైరా మీదుగా ఖమ్మం పోతుంది. ఒకటి కల్లూరు మీదుగా సత్తుపల్లికి. మరొకటి ఏన్కూరు, జూలూరుపాడు దాటి కొత్తగూడేనికి, అక్కణ్నుంచి భద్రాచలం అడవుల వైపు. మతి చెదిరిన మనిషిని ఏ దారిన తీసుకుపోవాలన్నది ఎప్పుడూ ఇంటివాళ్లే తేల్చారు. ఆ మనిషి ఆడదైతే ఆమెను అడిగినవాళ్లు మరీ తక్కువ. ఆమె ఏ మందు మింగింది, ఎందుకు మింగింది, మింగాక ఆమె ఒంటికి ఏమైంది అని వెతికితే మన వైద్య చరిత్రలో దొరికేది చాలా కొద్ది. అందుకే ఈ మందుల చరిత్రను ఆడవాళ్ల వైపు నుంచి ఒకసారి చదవాల్సి ఉంది.

నిజాం రాజ్యంలో పిచ్చాసుపత్రి ఇప్పటి మహారాష్ట్రలోని జాల్నాలో ఉండేది. 1953లో దాన్ని హైదరాబాదు ఎర్రగడ్డకు మార్చారు. అదే ఏడాది వరంగల్ నుంచి విడదీసి ఖమ్మం జిల్లా ఏర్పాటు చేశారు. అప్పటికి భద్రాచలం తూర్పు గోదావరిలో ఉంది. ఖమ్మంలో కలిసింది 1959లో. ఆ వైపు వాళ్లకు పిచ్చాసుపత్రి అంటే విశాఖపట్నమే. అడవి అంచున ఉన్న మనిషికి ఈ రెండూ అందనంత దూరం. కాబట్టి గుడి, భూతవైద్యం, ఇంటి వెనక గది, కాలికి గొలుసు.

ఎర్రగడ్డకు ఆసుపత్రి రావడానికి కొంచెం ముందే ఫ్రాన్సులో కొత్త మందు పుట్టింది. 1950 డిసెంబరులో రోన్ పూలెంక్ కంపెనీలో పాల్ షార్పెంటియే క్లోర్‌ప్రొమజైన్ తయారుచేశాడు. ఆపరేషన్లప్పుడు దీన్ని వాడిన సర్జన్ ఆన్రీ లాబొరీ, రోగులు స్పృహలో ఉంటూనే దేన్నీ పట్టించుకోనంత ప్రశాంతంగా ఉండడం గమనించాడు. 1952లో పారిస్ సెయింట్ ఆన్ ఆసుపత్రిలో జాన్ డిలే, పియర్ డెనికర్ దాన్ని మానసిక రోగులకు ఇచ్చి చూశారు. వార్డుల్లో కేకలు తగ్గాయి, కట్లు విప్పారు. ఏళ్ల తరబడి లోపలే ఉన్నవాళ్లు ఇళ్లకు వెళ్లారు. ఇది చిన్న మేలు కాదు. ఈ మందులు లేకపోతే ఎందరో ఆడవాళ్లు గొలుసుల్లోనే ముగిసిపోయేవారు. మందులనే తిట్టిపోసే వాదం ఆ ఆడవాళ్లకు ఏమీ చేయదు.

కానీ ఆ మేలును కొలిచిన కొలత ఏమిటి? రోగి నెమ్మదించిందా లేదా అన్నదే. డిలే, డెనికర్ 1955లో ఈ మందులకు పెట్టిన పేరు న్యూరోలెప్టిక్, అంటే నరాలను పట్టి ఉంచేది. నోరెత్తకుండా, చెప్పిన పని చేసుకుపోవడమే ఆడదాని ఆరోగ్యం అనుకునే సమాజంలో ఈ కొలత ఎంత ప్రమాదమో వేరే చెప్పక్కర్లేదు. ముద్ద మింగలేక, మాట రాక, మొహంలో కదలిక లేక మంచాన పడి ఉన్నా 'ఇప్పుడు బాగానే ఉంది' అంటారు.

మన దగ్గర పుట్టిన మందు కథా ఇలాంటిదే. సర్పగంధి వేరును ఉన్మాదానికి వాడవచ్చని 1931లో కలకత్తాకు చెందిన గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ రాశారు. 1952లో స్విట్జర్లాండులోని సీబా కంపెనీ ఆ వేరు నుంచి రిసర్పిన్ తీసింది. 1954లో అమెరికాలో నేథన్ క్లైన్ దాన్ని మానసిక రోగులకు వాడాడు. రక్తపోటు బాగా పడిపోవడం, కొందరిలో తీవ్రమైన దిగులు కనిపించడంతో ఈ జబ్బులకు దాని వాడకం తగ్గిపోయింది. 'చెట్టు మందే కదా, ఏమవుతుంది' అనే మాటకు ఇదే జవాబు. ఇవాళ డాక్టరు మాత్రలు మింగుతూ వాటితో పాటు ఈ వేరు పొడి కూడా తీసుకుంటే నష్టం ఆమెకే.

ఇంకో సంగతి చూడండి. 1977లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ, పిల్లల్ని కనే వయసు ఆడవాళ్లను మందుల తొలి దశ పరీక్షల్లో చేర్చవద్దని సూచించింది. 1993లో గానీ ఆ సూచనను తీసేయలేదు. అంటే మోతాదుల లెక్క ఎక్కువగా మగ శరీరం మీదే కట్టారు. ఒకే మోతాదు తీసుకున్నా ఒలాంజపిన్ ఆడవాళ్ల రక్తంలో ఎక్కువగా నిలుస్తుందని తర్వాత తేలింది. రిస్పెరిడోన్ లాంటి మందులతో నెలసరి ఆగిపోవచ్చు, బిడ్డ లేకుండానే పాలు పడవచ్చు. నెలసరి ఆగిందని గర్భం రాదనుకోకూడదు. మందు మార్చినప్పుడు అనుకోకుండా గర్భం వచ్చినవాళ్లున్నారు. గర్భం వచ్చిందని తెలియగానే భయపడి మందు ఒక్కసారిగా మానేయడమూ ప్రమాదమే. డాక్టరుతో మాట్లాడే మార్చుకోవాలి. ఒళ్లు వస్తుంది, షుగరు రావచ్చు. బరువు, షుగరు ఎప్పటికప్పుడు చూపించుకోవాలి. క్లోజపిన్ వాడేవాళ్లకు తెల్ల రక్తకణాలు పడిపోయే ముప్పుంది కాబట్టి రక్తపరీక్షలు తప్పవు. 1975లో ఫిన్లండులో మరణాలు జరిగాకే ఈ పాఠం నేర్చుకున్నారు.

దుష్ఫలితాన్ని జబ్బుగానో దయ్యంగానో పొరబడడం మరో ప్రమాదం. మందు మొదలుపెట్టిన తొలిరోజుల్లో మెడ మెలితిరిగి, కళ్లు పైకి పోతే అది పూనకం కాదు. మందు వల్ల కండరాలు బిగుసుకోవడం, ఇంజెక్షనుతో తగ్గుతుంది. కాలు నిలవక ఇల్లంతా తిరుగుతుంటే 'ముదిరింది' అని మోతాదు పెంచమంటారు. చాలాసార్లు అదీ మందు వల్లనే. విపరీతమైన జ్వరం, కట్టెలా బిగిసిన ఒళ్లు, మాట తడబాటు కలిసి వస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి, ప్రాణం పోవచ్చు. ఈ మందులు ఒంటి వేడిని సర్దుకోనివ్వవు. ఎండలు 45 డిగ్రీలకు చేరే ఈ ప్రాంతంలో మిర్చి చేలల్లో కోతకు పోయే ఆడమనిషికి ఈ మాట ఎవరైనా చెప్పారా? నీళ్లు, నీడ, మధ్యాహ్నం విరామం ఆమెకు మందులో భాగమే. కల్లు, ఇప్పసారా తాగితే మగత రెట్టింపవుతుంది.

ఇన్ని జాగ్రత్తలు ఎవరు పాటించాలి? మందు మింగే మనిషి. కానీ చాలా ఇళ్లలో ఆమెకు ఆ మాత్ర పేరు కూడా తెలియదు. 'నిద్రబిళ్ల' అని ఇస్తారు, మజ్జిగలోనో కూరలోనో కలిపి పెడతారు. మింగుతున్నానని తెలియని మనిషి దుష్ఫలితాన్ని ఎలా చెప్పగలదు? పెళ్లి కుదిరితే మాత్రలు దాచేస్తారు, లేకపోతే ఒక్కసారిగా మాన్పిస్తారు. అత్తింట్లో నిద్ర పట్టక, జబ్బు తిరగబెట్టి ఆమె బయటపడుతుంది. అప్పుడు ఆ చీటీయే ఆమెకు వ్యతిరేకంగా సాక్ష్యమవుతుంది. 1955 హిందూ వివాహ చట్టంలో మానసిక రుగ్మత విడాకులకు ఒక కారణం. అయితే స్కిజోఫ్రీనియా అన్న పేరు ఒక్కటే చాలదని సుప్రీంకోర్టు 1988లో చెప్పింది. 2013లో ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన ఒక కేసులో, చదువుకుని ఉద్యోగం చేస్తున్న భార్యను జబ్బు పేరుతో వదిలించుకోవాలనుకున్న భర్తకు విడాకులు నిరాకరించింది. మందు మింగుతూ బతుకు నడుపుకోవడం నేరం కాదని మన ఇళ్లలో ఇంకా చెప్పాల్సే వస్తోంది.

2001 ఆగస్టులో తమిళనాడు ఎర్వాడిలో గొలుసులతో కట్టేసిన 28 మంది మంటల్లో చనిపోయారు. 2018లో అమల్లోకి వచ్చిన 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసులను నిషేధించింది. తనకిచ్చే చికిత్స గురించి, దాని దుష్ఫలితాల గురించి తెలుసుకునే హక్కు రోగిదేనంది. జబ్బు ముదిరినప్పుడు ఎలా చూడాలో, తన తరఫున ఎవరు మాట్లాడాలో ముందే రాసి పెట్టుకునే వీలు కల్పించింది. భర్తే ఆ మనిషి కావాలని ఎక్కడా లేదు. నమ్మిన స్నేహితురాలు కావచ్చు.

2022 నుంచి 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడవచ్చు. దూరం కొంత తగ్గింది. ఇంట్లో దూరమే తగ్గలేదు. మాత్ర పేరేమిటి, ఎందుకు, ఎంతకాలం, ఏమైతే డాక్టరు దగ్గరికి రావాలి అని అడగాల్సింది ఆమె. అడగడానికి భయపడుతుంటే ఆమె పక్కన కూర్చుని, ఆ చీటీ ఆమెకే చదివి వినిపించడం మనం చేయగలిగిన పని.