అరవై మూడేళ్ళ విద్యార్థిని

మన సంఘం స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమన్నప్పుడు నాకు ముందుగా గుర్తొచ్చింది యాప్రాల్‌లో మా ఇంటి టేప్ రికార్డర్. నేను బడికి తయారయ్యే వేళకి అందులో ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారి గొంతులో అన్నమయ్య కీర్తనలు వినిపిస్తూ ఉండేవి. ఆవిడ తెలుగావిడే అనుకునేవాణ్ణి. మదురైలో పుట్టిన తమిళురాలని చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. ఆ పాటల వెనక కథ తెలిశాక, ఇది మన బడి సంచికలో ఉండాల్సిందే అనిపించింది.

అన్నమయ్య (1408–1503) కీర్తనలు శతాబ్దాల పాటు తిరుమల గుడిలో ఒక చిన్న అరలో, రాగిరేకుల మీద ఉండిపోయాయి. 1922లో అవి వెలుగు చూశాయి. నేడు మనకు మిగిలినవి దాదాపు 14 వేలు. రేకుల మీద సాహిత్యం ఉంది, రాగం పేరు ఉంది, కానీ స్వరం లేదు. మా ఇంజనీర్ల భాషలో చెప్పాలంటే, యంత్రం పేరు దొరికింది కానీ డ్రాయింగు దొరకలేదు. వేటూరి ప్రభాకరశాస్త్రి గారి వంటి పండితులు సాహిత్యాన్ని పరిష్కరించారు. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ గారు చాలా కీర్తనలకు స్వరాలు కట్టారు. ఆయన తర్వాత ఆ పనిని ముందుకు తీసుకెళ్ళినవారిలో ముఖ్యులు నేదునూరి కృష్ణమూర్తి గారు. ఆయన శ్రీపాద పినాకపాణి గారి శిష్యులు.

1978 నుంచి 1982 వరకు తిరుమల తిరుపతి దేవస్థానం కార్యనిర్వహణాధికారిగా ఉన్న పి.వి.ఆర్.కె. ప్రసాద్ గారు సుబ్బులక్ష్మి గారి చేత ఈ కీర్తనలు పాడించాలని సంకల్పించారు. అప్పటికి ఆమె దంపతులు ఆర్థికంగా ఇబ్బందుల్లో ఉన్నారు. ఊరికే సాయం చేస్తామంటే పుచ్చుకునే మనుషులు కారు. అందుకే పాట రూపంలో ఈ ఆలోచన చేశామని ప్రసాద్ గారు తరవాత రాసుకున్నారు. అలా వచ్చిందే అయిదు ఎల్పీ రికార్డుల 'శ్రీ వేంకటేశ్వర పంచరత్నమాల'. అన్నమయ్య కీర్తనలతో పాటు స్తోత్రాలు కూడా అందులో ఉన్నాయి.

అప్పుడు ఆమె వయసు 63. ఐక్యరాజ్యసమితిలో పాడి పదమూడేళ్ళు దాటింది. సంగీత కళానిధి బిరుదు 1968లోనే వచ్చింది. పాతవే పాడి ఇచ్చినా ఎవరూ కాదనేవారు కారు. కానీ ఆమె తనకన్నా పదకొండేళ్ళు చిన్నవాడైన నేదునూరి గారి దగ్గర కూర్చుని అన్నమయ్య కీర్తనలు నేర్చుకున్నారు. రేవతి రాగంలో ఆయన స్వరపరచిన 'నానాటి బదుకు' ఆమె గొంతులో ఇంటింటికీ వెళ్ళింది. ఆ బిరుదు నేదునూరి గారికి 1991లో గానీ రాలేదు. అంటే బిరుదున్న శిష్యురాలికి ఇంకా బిరుదు రాని గురువు పాఠం చెప్పారన్నమాట.

భాష విషయం కూడా చిన్నది కాదు. తమిళ లిపిలో క, గ రెండింటికీ ఒకటే అక్షరం. మన ఒత్తులకు అక్కడ వేరే గుర్తులు లేవు. అయినా ఆ రికార్డులో ఒక్క మాట తడబడదు. తెలుగు వాచకం గడగడా చదివి మాస్టారి చేత చివాట్లు తిన్న నాకు ఆ శ్రమ విలువ ఇప్పుడు తెలుస్తోంది.

మూడేళ్ళ క్రితం మా ఆఫీసులో ఒక కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చింది. నేర్పడానికి మా అబ్బాయి వయసు కుర్రాణ్ణి పంపారు. ముప్పయ్యేళ్ళ అనుభవం అడ్డొచ్చి, పని ఉందని చెప్పి రెండు నెలలు తప్పించుకు తిరిగాను. ఒక ఆదివారం ఈ పాటలు వింటూ ఆ అరవై మూడేళ్ళ విద్యార్థిని సంగతి తలుచుకుని సిగ్గుపడ్డాను. సోమవారం నోటుబుక్కు పట్టుకుని ఆ కుర్రాడి పక్కన కూర్చున్నాను.

మన బళ్ళో బెంచీ మీద కూర్చోవడం నేర్పిన గురువులందరికీ నమస్కారాలు. ఆ అలవాటు నాకు మధ్యలో తప్పింది. ఆలస్యంగానైనా మళ్ళీ వచ్చింది.