అఫిడవిట్‌లో లేని కొడుకు

1976 మార్చి 1 తెల్లవారుజామున కాలికట్ ప్రాంతీయ ఇంజనీరింగ్ కళాశాల హాస్టల్ వద్ద పోలీసులు ఒక చివరి సంవత్సరం విద్యార్థిని పట్టుకున్నారు. అతని పేరు రాజన్. విద్యార్థుల కళోత్సవంలో పాల్గొని అప్పుడే తిరిగి వచ్చాడు. అంతకు ముందు రోజుల్లో కాయన్న పోలీస్ స్టేషన్‌పై నక్సలైట్లు దాడి చేసి తుపాకులు ఎత్తుకుపోయారు. ఆ తుపాకుల కోసం కక్కయం అనే కొండప్రాంతంలో క్రైం బ్రాంచ్ డీఐజీ జయరాం పడిక్కల్ ఆధ్వర్యంలో ఒక శిబిరం వెలిసింది. అనుమానం వచ్చిన ప్రతి యువకుణ్ణీ అక్కడికే తరలించారు. బల్ల మీద పడుకోబెట్టి, తొడల మీద బరువైన రోకలి వంటి దుంగను దొర్లించే హింసకు మలయాళంలో 'ఉరుట్టల్' అని పేరు. ఆ మాట కేరళ రాజకీయ నిఘంటువులోకి వచ్చింది ఆ శిబిరం నుంచే.

అరెస్టు కబురును కళాశాల ప్రిన్సిపాల్ లేఖ ద్వారా రాజన్ తండ్రికి తెలిపారు. తండ్రి టి.వి. ఈచర వారియర్ హిందీ అధ్యాపకుడు.  కక్కయం వెళితే శిబిరంలో కొడుకును చూడనివ్వలేదు. హోంమంత్రి కె. కరుణాకరన్‌ను కలిశారు. ముఖ్యమంత్రి సి. అచ్యుత మేనన్‌ను కలిశారు. అధికారులకు, పార్లమెంటు సభ్యులకు, రాష్ట్రపతికి అర్జీలు రాశారు. ఒక మధ్యతరగతి ఉపాధ్యాయుడికి రాజ్యం మీద ఉండే నమ్మకం ఎంత మొండిదో ఆ అర్జీల వరుస చూస్తే బోధపడుతుంది. ఇంట్లో మరో కథ నడిచింది. మానసికంగా కుంగిపోయిన భార్యకు ఆయన నిజం చెప్పలేదు. కొడుకు వస్తాడని ఆమె ఏళ్ల తరబడి ఎదురుచూసింది. బయట ప్రభుత్వం తనకు అబద్ధం చెబుతుంటే, ఇంట్లో తాను భార్యకు అబద్ధం చెప్పవలసి రావడం ఆ తండ్రికి పడిన రెండో శిక్ష.

కోర్టుకు ఎందుకు వెళ్లలేదన్న ప్రశ్న సహజం. వెళ్లడానికి దారి లేదు. 1976 ఏప్రిల్ 28న సుప్రీంకోర్టు జబల్‌పూర్ కేసులో నాలుగు-ఒకటి ఆధిక్యంతో తీర్పు చెప్పింది. అత్యవసర పరిస్థితి అమల్లో ఉన్నంతకాలం నిర్బంధితుల తరఫున హెబియస్ కార్పస్ పిటిషన్ వేసే హక్కు ఎవరికీ లేదన్నది దాని సారాంశం. ఒక పోలీసు సొంత కక్షతో మనిషిని చంపినా ఉపశమనం లేదా అని జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా విచారణలో అడిగారు. ఎమర్జెన్సీ ఉన్నంతవరకూ లేదని అటార్నీ జనరల్ ఒప్పుకున్నారు. ఆ సంభాషణను న్యాయశాస్త్ర విద్యార్థులు నేటికీ ఒక ఊహాత్మక సమస్యగానే చదువుకుంటారు. కక్కయంలో అది ఊహ కాదు. అప్పటికే దాదాపు రెండు నెలల క్రితం జరిగిపోయిన సంగతి.

1977 మార్చి 21న ఎమర్జెన్సీ ముగిసింది. నాలుగు రోజులు తిరక్కుండానే, మార్చి 25న, వారియర్ కేరళ హైకోర్టులో పిటిషన్ వేశారు. సరిగ్గా అదే రోజు కరుణాకరన్ ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు. ఇక్కడ ఒక విషయం మరువరాదు. ఉత్తర భారతం ఇందిరాగాంధీని తుడిచిపెట్టిన ఆ ఎన్నికల్లో కేరళ 20 లోక్‌సభ స్థానాలనూ కాంగ్రెస్ కూటమికే కట్టబెట్టింది. అసెంబ్లీలో 140కి 111 ఇచ్చింది. ఆంధ్రప్రదేశ్ కూడా 42లో 41 కాంగ్రెస్‌కే ఇచ్చింది. ఎమర్జెన్సీ అఘాయిత్యాలు దక్షిణాదిని తాకలేదని ఢిల్లీ విశ్లేషకులు తేలిగ్గా రాసేశారు. తాకలేదనడం కంటే, పత్రికలకు సంకెళ్లు ఉన్నందున తెలియలేదనడం సత్యానికి దగ్గర.

ప్రభుత్వ పక్షం దాఖలు చేసిన అఫిడవిట్లు ఒకే పాట పాడాయి. రాజన్‌ను పోలీసులు అరెస్టే చేయలేదట. ఆ వాదనలోని తెలివిని గమనించాలి. అరెస్టు చేశామంటే ఎక్కడున్నాడో చెప్పాలి. చేయలేదంటే చెప్పవలసిందేమీ లేదు. కానీ కళాశాల వారూ, తోటి విద్యార్థులూ, శిబిరంలో అతణ్ణి చూసినవారూ సాక్ష్యం చెప్పారు. జస్టిస్ సుబ్రమణియన్ పోట్టి, జస్టిస్ ఖాలిద్‌ల ధర్మాసనం ఏప్రిల్ 13న ప్రభుత్వ వాదనను తోసిపుచ్చింది. రాజన్ పోలీసుల నిర్బంధంలో ఉన్నాడని నమ్మి, అతణ్ణి కోర్టు ముందు హాజరుపరచమని ఆదేశించింది. హాజరుపరచడానికి మనిషి లేడు. ఏప్రిల్ 25న, పదవి చేపట్టి నెల నిండగానే, కరుణాకరన్ రాజీనామా చేశారు. రాజన్ కక్కయంలో పోలీసుల చేతిలోనే మరణించాడని ప్రభుత్వం ఆ తర్వాత అంగీకరించింది. 111 స్థానాల బలం ఉన్న ప్రభుత్వాధినేతను దించింది ప్రతిపక్షం కాదు, ఒక హిందీ మాస్టారి పిటిషన్.

అయితే మృతదేహం ఏమైంది? డ్యాంలో పడేశారన్నారు, కాల్చేశారన్నారు. ఇంకా ఘోరమైన కథనాలూ ప్రచారంలోకి వచ్చాయి. ఒక్కటీ రుజువు కాలేదు. తెలుగు నేలతో పోల్చినప్పుడు తేడా ఇక్కడే కనిపిస్తుంది. 1975 జులైలో మెదక్ జిల్లా గిరాయిపల్లి అడవిలో వరంగల్ ప్రాంతీయ ఇంజనీరింగ్ కళాశాల విద్యార్థి సూరపనేని జనార్దన్‌తో పాటు మరో ముగ్గురు యువకులను పోలీసులు కాల్చి చంపారు. దానికి ఎన్‌కౌంటర్ అని పేరు పెట్టారు. తర్వాత తార్కుండే కమిటీ ఆ కథనాన్ని ప్రశ్నించింది. ఎన్‌కౌంటర్‌లో రాజ్యం శవాన్ని చూపి కథ చెబుతుంది. అదృశ్యంలో శవాన్ని కూడా దాచేస్తుంది. మొదటిదానిలో కుటుంబానికి దుఃఖం మిగులుతుంది. రెండోదానిలో దుఃఖించడానికి అనుమతి కూడా ఉండదు. తద్దినం ఏ తిథిన పెట్టాలి?

నేర విచారణ కేరళలో జరగలేదు. పొరుగు రాష్ట్రంలోని కోయంబత్తూరులో జరిగింది. కస్టడీలో చంపిన నేరం రుజువు కాలేదు. స్వల్ప నేరాలకు పడిన శిక్షలు సైతం అప్పీలులో నిలవలేదు. హత్యకు శవం తప్పనిసరి కాదని చట్టం చెబుతుంది. కానీ శవం లేని హత్యకు, సాక్షులంతా పోలీసులే అయినచోట, ఎవరు సాక్ష్యమిస్తారు? కరుణాకరన్ 1981లో మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు, 1991లో ఇంకోసారి. కేరళ ఓటరు రాజన్‌ను మరిచిపోయాడని అనలేం. ప్రతి ఎన్నికలోనూ ఆ పేరు వినిపించింది. గుర్తుంచుకుంటూనే ఓటు వేశాడు. దీనికి సంజాయిషీ వెదికే పని రాజకీయ శాస్త్రజ్ఞులది.

జబల్‌పూర్ తీర్పును సుప్రీంకోర్టు కొట్టివేయడానికి 2017 ఆగస్టు 24 దాకా పట్టింది. ఆ మాట రాసిన న్యాయమూర్తి డి.వై. చంద్రచూడ్. 1976 నాటి ఆధిక్య తీర్పులో భాగస్వామి అయిన వై.వి. చంద్రచూడ్ ఆయన తండ్రి. తండ్రి తప్పును కొడుకు దిద్దిన ఆ ఘట్టాన్ని పత్రికలు మెచ్చుకోలుగా రాశాయి. బలవంతపు అదృశ్యాలపై ఐక్యరాజ్యసమితి ఒడంబడికకు భారత్ 2007లో సంతకం చేసింది, ధ్రువీకరణ మాత్రం చేయలేదు. భారతీయ న్యాయ సంహిత వచ్చినా అదృశ్యం చేయడమన్నది మన చట్టంలో ఇప్పటికీ ప్రత్యేక నేరం కాదు.

వారియర్ తన వెతుకులాటను మలయాళంలో జ్ఞాపకాలుగా రాశారు. షాజీ ఎన్. కరుణ్ తీసిన 'పిరవి' చిత్రంలోని తండ్రి, రోజూ బస్సు రేవు దగ్గర కొడుకు కోసం నిలబడే ముసలాయన, ఆ వెతుకులాట నీడే. భార్య 2000లో కన్నుమూసింది. 2006 ఏప్రిల్ 13న, హైకోర్టు తీర్పు వెలువడి సరిగ్గా 29 ఏళ్లు నిండిన రోజున, వారియర్ మరణించారు. కొడుకును ఎక్కడ ఉంచారో అప్పటికీ ఆయనకు ఎవరూ చెప్పలేదు.