తాటిపర్తి జీవన్‌రెడ్డి

తాటిపర్తి జీవన్‌రెడ్డి జగిత్యాల నుంచి ఆరుసార్లు శాసనసభకు గెలిచిన కాంగ్రెస్ నాయకుడు. ఈ నియోజకవర్గంలో 1983 నుంచి ఆయన బరిలో లేని శాసనసభ ఎన్నిక అరుదు.

పెగడపల్లి మండలం బతికేపల్లిలో 1951లో పుట్టారు. న్యాయవాది. 1981లో మల్యాల సమితి అధ్యక్షుడయ్యారు. అప్పటికి ఈ ప్రాంతం ఉడుకుతోంది. 1978 సెప్టెంబరు 7న రైతుకూలీల జగిత్యాల జైత్రయాత్ర జరిగింది. ఆ వెంటనే జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను ప్రభుత్వం కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. మావోయిస్టు మాజీ అగ్రనేత గణపతి సొంతూరు కూడా 2016 దాకా సారంగాపూర్ మండలంలో ఉన్న బీర్‌పూరే. తుపాకీ మాట, ఓటు మాట ఒకే గడపలో వినిపించిన ఆ కాలంలోనే జీవన్‌రెడ్డి నాయకుడిగా ఎదిగారు. ఆయన్ను అర్థం చేసుకోవాలంటే ముందు ఇది తెలియాలి.

1983లో తెలుగుదేశం టికెట్‌పై గెలిచి ఎన్టీఆర్ మంత్రివర్గంలో ఎక్సైజ్ శాఖ చూశారు. 1984లో ఎన్టీఆర్‌ను గద్దె దించిన సంక్షోభంలో నాదెండ్ల భాస్కరరావు పక్షాన నిలిచి, ఆ తర్వాత కాంగ్రెస్‌లో చేరారు. 1989లో గెలిచి, 1994లో ఎల్. రమణ చేతిలో ఓడారు. రమణ లోక్‌సభకు వెళ్లడంతో 1996లో వచ్చిన ఉప ఎన్నికలో మళ్లీ గెలిచారు. 1999, 2004ల్లోనూ ఆయనదే గెలుపు.

ఆయన జీవితంలో అసలు పరీక్ష కరీంనగర్ లోక్‌సభ ఉప ఎన్నికలు. కాంగ్రెస్ నేత ఎమ్. సత్యనారాయణరావు విసిరిన సవాలుకు తెరాస అధినేత కేసీఆర్ రాజీనామా చేసి 2006లో తిరిగి నిలబడ్డారు. తెలంగాణ కోసం ఊళ్లకు ఊళ్లే కదులుతున్న వేళ, అదే గడ్డ బిడ్డ అయిన జీవన్‌రెడ్డిని కాంగ్రెస్ ఎదురు నిలిపింది. 2 లక్షలకు పైగా ఓట్ల తేడాతో ఓడారు. 2008 ఉప ఎన్నికలో, రోడ్లు భవనాల మంత్రిగా ఉండగా, మళ్లీ ఆయనే అభ్యర్థి. ఈసారి కేసీఆర్ ఆధిక్యం సుమారు 15 వేలకు పడిపోయింది. గెలవకపోయినా, అంత గాలికి ఎదురొడ్డి నిలిచిన ఆ పోరు ఆయన గెలుపుల కన్నా గొప్పది.

2009లో మళ్లీ రమణ చేతిలో ఓడినా, 2014లో తెరాస ప్రభంజనంలో ఉమ్మడి కరీంనగర్ జిల్లాలోని 13 స్థానాల్లో కాంగ్రెస్‌కు దక్కిన ఒకే ఒక్కటి, జగిత్యాలను, ఆయనే గెలిచారు. 2018లో తెరాస అభ్యర్థి సంజయ్‌కుమార్ చేతిలో 60 వేలకు పైగా ఓట్ల తేడాతో ఓడారు. కొద్ది నెలలకే, 2019లో, పట్టభద్రుల నియోజకవర్గం నుంచి శాసనమండలికి గెలిచారు. 2023లో జగిత్యాలలో, 2024లో నిజామాబాద్ లోక్‌సభ స్థానంలో ఓటమే ఎదురైంది.

2024 జూన్‌లో సంజయ్‌కుమార్ కాంగ్రెస్‌లో చేరారు. ఇన్నాళ్లూ ఎవరితో తలపడ్డారో ఆయన్నే తనకు చెప్పకుండా పార్టీలోకి తెచ్చారని జీవన్‌రెడ్డి బాహాటంగా నొచ్చుకున్నారు; మండలి సభ్యత్వం వదులుకుంటానన్నారు. పెద్దలు సర్దిచెప్పాక పదవిలో కొనసాగారు. ఆ సభ్యత్వ కాలం 2025 మార్చిలో ముగిసింది.