బ్రూక్లిన్ క్రీడారంగము

ఆట చూచుటకు టిక్కెట్టు కొన్నవానికి చట్టమిచ్చు హక్కు స్వల్పము. ఆట మొదలైనది మొదలు ముగియువరకు ఒక ఆసనముపై కూర్చుండవచ్చును, అంతటితో సరి. కాని తండ్రి వెంట కుమారుడును, అతని వెంట అతని కుమారుడును ఏండ్ల తరబడి ఒకే చోటికి, ఒకే జట్టు ఆటకు పోవుచుండగా, ఆ చోటు తమదేనన్న భావము వారిలో నాటుకొనును. ఈ భావమునకు విలువ యెంత? అమెరికా దేశమునందలి యొక క్రీడారంగము చరిత్ర ఈ ప్రశ్నకు కొంత సమాధానము చెప్పగలదు. న్యూయార్కు నగరములో బ్రూక్లిన్ భాగమున నుండిన ఆ రంగము పేరు ఎబెట్స్ ఫీల్డు. అది 1913లో తెరవబడి, 1960లో కూల్చివేయబడినది.

బేస్‌బాల్ అమెరికావారికి మిక్కిలి ప్రియమైన ఆట. క్రికెట్టు నెరిగిన మనకు దాని స్వరూపము సులభముగనే బోధపడును. ఒకడు బంతి విసరును. వేరొకడు గుండ్రని బ్యాటుతో దానిని కొట్టి, నాలుగు స్థానములు చుట్టి వచ్చినచో ఒక పరుగు లభించును. ఇరుపక్షములకును తొమ్మిదేసి విడతలు. ఒక దినముననే జయాపజయములు తేలిపోవును. ఎబెట్స్ ఫీల్డు కాలమున పెద్ద లీగు జట్టు ఒక్కొక్కటి సాధారణముగా ఏటికి 154 ఆటలాడుచుండెను. అందు సగము స్వస్థలముననే. కావున అచట ఆటకు పోవుట ఏడాదికొకనాటి తిరునాళ్లవంటిది గాక, వసంతమునుండి శరత్తువరకు దినచర్యలో కలిసిపోయిన పని. అభిమానము వేరుపాతుటకు ఇదియే ప్రధాన కారణము.

ఆ కాలమున బ్రూక్లిన్ వీథులలో ట్రాముబండ్లు దట్టముగా తిరుగుచుండెను. వాని క్రింద పడకుండ తప్పించుకొని నడచువారని అచటి జనులకొక పరిహాసనామము కలిగెను. జట్టునకు వచ్చిన డాడ్జర్లు, అనగా తప్పించుకొనువారు, అను పేరు దానినుండి పుట్టినదే. ఈ జట్టు కార్యాలయములో చిన్న యుద్యోగిగా 1883లో ప్రవేశించిన చార్లెస్ ఎబెట్స్ క్రమముగా దానికి యజమాని యయ్యెను. చెత్తకుప్పలతోను పూరిగుడిసెలతోను నిండి, పందులపేట యను పేరు గల నేలను అతడు ముక్కలు ముక్కలుగా, రహస్యముగా కొనెను. సంగతి బయటపడినచో ధర పెరుగునని అతని భయము. నిర్మాణమునకు ధనము చాలక సంస్థలో సగము వాటాను ఇద్దరు సోదరులకు అమ్ముకొనవలసి వచ్చెను. 1913 ఏప్రిల్ 9వ తేదీన అచట మొదటి లీగు ఆట జరిగెను.

రైలు దిగి ఆ రంగమునకు నడచిన ప్రేక్షకునికి మొదట కనబడునది ఇటుక కమానుల వర్తులాకార ముఖద్వారము. లోపల పాలరాతి నేలమీద బంతి కుట్లను పోలిన గీతలుండెను. పైనుండి వ్రేలాడు దీపవృక్షమునకు కొమ్మలు 12 బ్యాట్లవలెను, దీపములు 12 బంతులవలెను తీర్చబడినవి. లోనికి పోయినచో స్థలమంతయు ఇరుకు. కుడివైపు ప్రహరి బ్యాటు కొట్టు స్థానమునకు 297 అడుగుల దూరముననే యుండెను. ప్రేక్షకుని కేక ఆటగానికి వినబడును. ఆటగాని జవాబును ప్రేక్షకునికి వినబడును. హిల్డా చెస్టర్ అను నొక స్త్రీ ఇత్తడి గంట మ్రోగించుచు దేశమంతట ప్రసిద్ధి కెక్కెను. శ్రుతి తప్పిన వాద్యములతో ఒక బృందము ఆసనముల నడుమ తిరుగుచు నవ్వించుచుండెను. స్కోరుపలక క్రింద ఏబ్ స్టార్క్ అను దుస్తుల వర్తకుని ప్రకటన యుండెను: నేల తాకని బంతితో దీనిని కొట్టిన ఆటగానికి ఒక సూటు ఉచితము. ఆ పలక ముందు నిలుచుండు ఆటగాడు బంతులను పట్టుకొనుచుండుటచే వర్తకునికి వ్యయము తక్కువగనే యుండెనట.

రేడియోనుగూర్చి ఒక మాట. ఆటను ప్రసారము చేసినచో ఎవరును టిక్కెట్టు కొనరని భయపడి న్యూయార్కులోని మూడు జట్ల యజమానులును ప్రసారములను నిషేధించుకొని యుండిరి. 1939లో బ్రూక్లిన్‌వారు ఆ కట్టును విడిచి, రెడ్ బార్బర్ అను వ్యాఖ్యాతను పిలిపించిరి. జనము తగ్గలేదు, పెరిగెను. ఇంటిలో విన్న గృహిణులును పిల్లలును ఆ స్థలమును కన్నులార చూడగోరిరి. ఆ యేడు ఆగస్టు 26న పెద్ద లీగు ఆట మొట్టమొదట టెలివిజనులో ప్రసారమైనదియు ఇచటినుండియే.

ఈ రంగమునకు శాశ్వతకీర్తి తెచ్చిన దినము 1947 ఏప్రిల్ 15. అంతకుముందు అరువది యేండ్లుగా పెద్ద లీగులలో నల్లజాతివారికి ఆడుటకు తావు లేదు. సెయింట్ లూయిస్ నగరపు రంగములోనైతే, 1944 వరకు నల్లజాతి ప్రేక్షకులు ప్రత్యేకింపబడిన భాగముననే కూర్చుండవలసి యుండెను. వారి సొమ్ము పుచ్చుకొనుటకు మాత్రము అభ్యంతరము లేదు. బ్రూక్లిన్ సంస్థాధిపతి బ్రాంచ్ రికీ ఆ కట్టుబాటును ఉల్లంఘించి జాకీ రాబిన్‌సన్‌ను జట్టులో చేర్చుకొనెను. తోడి ఆటగాండ్రలోనే కొందరు ఎదురుతిరిగిరి; పరస్థలములలో అతడు దుర్భాషలు వినెను. ఆనాడు ఎబెట్స్ ఫీల్డునకు వచ్చిన ఇరువది యారువేల పైచిలుకు జనములో సగమునకు మించి నల్లజాతివారేయని అంచనా. ఆ యేడాది అచటికి వచ్చిన ప్రేక్షకుల సంఖ్య 18 లక్షలు దాటెను. అంతకు ముందుగాని తరువాతగాని అంతమంది రాలేదు. న్యాయమైన పని చేసినచో జనము దూరమగుదురను వాదము అచట అబద్ధమయ్యెను.

జట్టు మాత్రము దురదృష్టవంతమైనది. 1916 మొదలుకొని 1953 వరకు ఏడుమార్లు ప్రపంచ పరంపర యను తుది పోటీకి చేరి, ఏడుమార్లును ఓడెను. వచ్చే యేడు చూతమనుట బ్రూక్లిన్‌వారి నోట సామెతయైపోయెను. ఆ వచ్చే యేడు 1955లో వచ్చెను. అక్టోబరు 4న యాంకీల రంగములోనే వారిని ఓడించి జట్టు విజయము పొందగా బ్రూక్లిన్ వీథులు ఉత్సవమున మునిగిపోయెను.

రెండేండ్లలో అంతయు ముగిసెను. జట్టు నష్టములో లేదు. కాని ఎందరో కుటుంబములతో శివారు గ్రామములకు తరలిరి. వారు కార్లలో వత్తురు. రంగమువద్ద కార్లు నిలుపుటకు చోటు లేదు. 1953లో బోస్టన్ జట్టు మిల్వాకీ నగరమునకు తరలి అచట అపారముగా జనము నాకర్షించుట యజమాని వాల్టర్ ఓమాలీ చూచెను. బ్రూక్లిన్‌లోనే వేరొక స్థలమును నగరము సేకరించి ఇచ్చినచో స్వంత ధనముతో కట్టుకొందుననెను. నగర నిర్మాణములందు ఎదురులేని అధికారియైన రాబర్ట్ మోజెస్ అందుకు సమ్మతింపక క్వీన్స్ భాగములో స్థలము చూపెను. ఇద్దరును పట్టు విడువలేదు. 1957 సెప్టెంబరు 24న జరిగిన తుది ఆటకు వచ్చినవారు 6,702 మంది మాత్రమే. అక్టోబరు 8న జట్టు లాస్ ఏంజిలీస్ నగరమునకు పోవుచున్నట్లు ప్రకటన వెలువడెను. గంట మ్రోగించినవారిని గాని, తండ్రి చేయి పట్టుకొని వచ్చిన పిల్లలను గాని ఎవరును అడుగలేదు.

1960 ఫిబ్రవరిలో రంగమును కూల్చివేసిరి. కూల్చు ఇనుపగుండునకు బేస్‌బాల్ బంతివలె రంగు పూసిరి. ఆ నేలమీద అనేక అంతస్తుల నివాసగృహములు లేచెను. లాస్ ఏంజిలీస్‌లో జరిగినది దీనికి విపరీతము. అచట షావేజ్ రవీన్ అను లోయలో మెక్సికో సంతతివారు ఇండ్లు కట్టుకొని జీవించుచుండిరి. పేదలకు గృహములు నిర్మింతుమని చెప్పి 1950 తరువాత నగరము వారి నేలలను తీసికొనెను. పిమ్మట ఆ గృహపథకమును విడిచి, ఆ నేలను జట్టునకు ధారాదత్తము చేసెను. తుదివరకు కదలని కుటుంబములను 1959 మే నెలలో బలవంతముగా వెడలగొట్టిరి. 1962 ఏప్రిల్ 10న అచట క్రొత్త రంగము తెరవబడెను. ఒకచోట ఆటస్థలము పోయి ఇండ్లు వచ్చెను. ఒకచోట ఇండ్లు పోయి ఆటస్థలము వచ్చెను. రెండుచోట్లను ఆ స్థలము మాదియని నమ్మినవారి మాట చెల్లలేదు.

అట్లని ఆ నమ్మకము వ్యర్థమనజాలము. 2009లో క్వీన్స్‌లో న్యూయార్కు మెట్సు జట్టునకు నిర్మించిన రంగమునకు ఎబెట్స్ ఫీల్డును పోలిన ముఖద్వారమును కట్టి, జాకీ రాబిన్‌సన్ పేరు పెట్టిరి. నాడు ఒక యజమాని లెక్కలో ఇమడని అభిమానమునకు ఏబదేండ్ల పిమ్మట వేరొక యజమాని విలువ కట్టినాడన్నమాట. షావేజ్ రవీన్ గృహస్థులకు అట్టి ద్వారమును ఎవరును కట్టలేదు. క్రీడారంగములో కూర్చుండి చప్పట్లు చరచునపుడు రెండు సంగతులు మరువరాదు: ఈ ఆసనమునకు రానీయబడనివారు ఎవరైన ఉండిరా, ఈ నేలమీద ఇదివరకు ఎవరి పొయ్యి వెలిగినది? ఆటలోని ఆనందము ఈ విచారణవలన తరుగదు. అభిమానమునకు తగిన అర్హతయే దీనివలన కలుగును.